నలభై ఎనిమిదో గొట్టం

ఆమె కుడిచేతి చూపుడువేలి గోరు ఇరవై ఆరేళ్లుగా పసుపుపచ్చగానే ఉంది. తొడుగులు వేసుకోదని కాదు, వేసుకుంటుంది. కానీ ల్యాబులో రక్తపు గొట్టం మూతిని ఆ వేలితో నొక్కిపట్టి తిప్పే అలవాటు వల్ల తొడుగుకు సరిగ్గా అక్కడే సూదిమొనంత చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి రంగుమందు చేరుతుంది. సబ్బుకు పోదు, స్పిరిట్‌కు పోదు. గోరు పెరిగి, కత్తిరించుకుంటే పోవాలి. అది పోయేలోపు ఇంకో చుక్క అంటుతుంది.

వైద్య కళాశాల రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి పక్క మూడో గది ఆమెది. కాగితాల మీద ఆ ల్యాబు పెద్ద డాక్టరమ్మది. కానీ ఏ సీసా ఎక్కడుందో, సెంట్రిఫ్యూజ్ మూత ఏ మూల నొక్కితే పడుతుందో, ఫ్రీజర్ తలుపును మోకాలితో ఎంత తొయ్యాలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అందరికీ ఆమె అక్క. డాక్టరమ్మ వయసులో రెండేళ్లు పెద్దదే అయినా అక్కా అనే పిలుస్తుంది. మీ గోటికి పసుపు అంటుకున్నట్టు నా నోటికి ఆ పిలుపు అంటుకుపోయింది, ఇంక పోదు అంటుంది.

చేరింది సీసాలు కడిగే పనికి. కడుగుతూ చూసింది, చూస్తూ నేర్చుకుంది, నేర్చుకున్నది రెండుసార్లు చెడగొట్టాక గట్టిపడింది. ఇప్పుడు చేతిలో చదువుల పట్టాలు పట్టుకుని వచ్చే పిల్లలు మొదటి వారమంతా ఆమె వెనకాలే తిరుగుతారు. ఆమె పెద్దగా ఏమీ చెప్పదు. గొట్టం వాళ్ల చేతికిచ్చి, "చెయ్యి" అంటుంది. తప్పు చేస్తే, "ఇంకోటి తీసుకో" అంటుంది. అంతే పాఠం.

ఆమె చేసే పరీక్ష ఏమిటని ఒకసారి వదిన అడిగింది. మొగుడు పోయినప్పటినుంచి ఆమె అన్నయ్య ఇంటి మేడమీద గదిలో ఉంటుంది. రాత్రి భోజనం మాత్రం కింద అందరితోనే. ఆ రోజు కంచం ముందు కూర్చుని చెప్పింది. మనం పీల్చే ఆక్సిజన్ చాలావరకు బుద్ధిగా పనిచేస్తుంది. కొంచెం మాత్రం దారి తప్పి, ఒంట్లో ఎదురైన ప్రోటీన్‌నల్లా కొరికి పోతుంది. వేడి, పొగ, అలుపు, ముసలితనం, ఇవన్నీ ఆ దారి తప్పినదానికి తోడవుతాయి. కొరికిన చోట ప్రోటీన్ మీద ఒక మచ్చ మిగులుతుంది. దాని పేరు కార్బొనైల్. ఒంటికి చాలా గాయాలు మాన్పుకోవడం చేతనవును గానీ ఈ మచ్చను మాన్పుకోవడం రాదు. మచ్చ పడ్డ ప్రోటీన్‌ని తీసి పారేసి కొత్తది చేసుకోవాల్సిందే. పారేసే ఓపిక తగ్గితే అవి పోగుపడతాయి, ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కడతాయి. మా రంగుమందు ఆ మచ్చను వెతికి పట్టుకుంటుంది. ఎంత పసుపైతే అంత దెబ్బ.

వదిన మొగుడివైపు చూసింది. "అయితే మీ అన్నయ్యని మాత్రం కొలవకు. మీ మిషన్ పగిలి కూర్చుంటుంది."

అన్నయ్య నవ్వలేదు. నవ్వడానికి ఓపిక లేక. అతను గాజు ఫ్యాక్టరీలో బట్టీ నోటి దగ్గర పనివాడు. ముప్పై నాలుగేళ్లుగా ఇనప గొట్టం బట్టీలోకి దూర్చి, కొసకు కరిగిన గాజు చుట్టి, బయటికి తీసి ఊదడమే పని. అక్కడ అందరూ అతన్ని మేస్త్రి అంటారు. కనుబొమ్మలు ఎప్పుడో కాలిపోయాయి, మళ్లీ రాలేదు. ముంజేతుల మీద ఒక్క వెంట్రుక లేదు. ఎడమపక్క బట్టీవైపుకు తిప్పి నిలబడతాడు గనక ఎడమ కంటికి ముందు శుక్లం వచ్చింది. ఆపరేషనైంది. ఇప్పుడు కుడి కంట్లోనూ మసక మొదలైంది. కంటి లెన్సు నడిమధ్యనున్న ప్రోటీన్ తల్లి కడుపులో తయారైందే జీవితాంతం ఉంటుందనీ, దానికి బదులు కొత్తది రాదనీ ఆమెకు తెలుసు. అన్నయ్య కంచంలో మెతుకు కోసం తడుముకున్నప్పుడల్లా ఆ సంగతే గుర్తొస్తుంది. పైకి అనదు.

బట్టీ దగ్గర పని ఎనిమిది గంటలు. దాన్ని ఆరు చెయ్యమని పనివాళ్లు అడగబట్టి నాలుగేళ్లు. మేనేజరు వింటాడు, తలూపుతాడు, వెళ్తాడు. ఈ ఏడు మాత్రం పెద్ద డాక్టరమ్మ వెళ్లి కూర్చుని మాట్లాడింది. బట్టీ దగ్గర పనిచేసే ఇరవైనాలుగుమంది రక్తం, చల్లటి గదిలో సామాను సర్దే ఇరవైనాలుగుమంది రక్తం తీసి చూద్దాం, వేడి దెబ్బ రక్తంలో కనిపిస్తే గంటలు తగ్గించండి అంది. కనిపిస్తే తగ్గిస్తాను అని మేనేజరు కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. కనిపించదని అతనికి నమ్మకం కాబోలు. మేస్త్రి మాత్రం ఆ సంతకం మాట చెల్లెలికి రెండుసార్లు చెప్పాడు. ఒకే మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

సామాను సర్దేవాళ్లు పొద్దున్నే కళాశాలకే వచ్చి రక్తమిచ్చి వెళ్లారు. తీసినవి తీసినట్టు ఐసులో పెట్టి, పావుగంటలో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేసింది. ఒకటినుంచి ఇరవైనాలుగు దాకా నంబర్లు. ఎర్ర కణాలు అడుగుకు దిగాక పైన తేరుకున్న ద్రవం ఎండుగడ్డి రంగులో, అవతల గోడ కనిపించేంత తేటగా ఉంది.

బట్టీవాళ్లు పని వదిలి అంత దూరం రాలేమన్నారు. నర్సు వెళ్లి షెడ్డులోనే, మధ్యాహ్నం పని దిగాక తీసింది. ఆ గొట్టాలు వ్యాన్‌లో రావాలి. గంటలో రావాల్సినవి రావడానికి మూడు గంటలు పట్టింది. ఏమయిందని అడిగితే డ్రైవరు నుదురు తుడుచుకున్నాడు.

"టైరు పోయిందక్కా. రోడ్డు పక్క ఎండలో గంటన్నర. పెట్టెలో ఐసంతా నీళ్లయిపోయింది. మీ గొట్టాలు కప్పపిల్లల్లాగా ఈదుకుంటూ వచ్చాయి."

తిప్పి తీస్తే పద్నాలుగు గొట్టాల్లో పైనున్న ద్రవం గులాబీ రంగు తిరిగి ఉంది. ఎండకూ కుదుపులకూ ఎర్ర కణాలు పగిలితే వాటిలోని ఎరుపు బయటపడి ఇలా అవుతుంది. గులాబీ తిరిగినది పరీక్షకు పనికిరాదు, పక్కన పెట్టాలి. ఆ మాట బల్ల పైన గోడకు అంటించిన కాగితం మీద ఆమె చేతిరాతతోనే ఉంది. తొమ్మిదేళ్ల కిందట రాసింది.

ఆ కాగితం కింద నిలబడి ఆమె పద్నాలుగు గొట్టాలనూ ఒక్కొక్కటే వెలుగుకు ఎత్తి చూసింది. చివరిది నలభై ఎనిమిది. పద్నాలుగింట్లోకీ అదే ఎర్రన. మీ అన్నయ్య అందరినీ ముందు పంపి తను ఆఖరున కూర్చున్నాడక్కా అని నర్సు వచ్చీ రాగానే చెప్పింది. అందుచేత ఆ గొట్టం ఎవరిదో తెలుసు. ఇరవైనాలుగు దాటినవన్నీ బట్టీవాళ్లవని ఎలాగూ తెలుసు. పద్నాలుగు పక్కన పెడితే బట్టీవాళ్లవి పదే మిగులుతాయి. పదింటితో మేనేజరు ఒప్పుకోడు. మళ్లీ రక్తమివ్వమంటే వాళ్లు ఒప్పుకోరు.

మరీ అంత గులాబీ ఏం కాదులే అనుకుని వాటినీ మిగతావాటితో కలిపేసింది. ఆ రోజు ఆమె పొద్దున ఆరింటినుంచి నిలబడే ఉంది, మోకాళ్లు పోటు పెడుతున్నాయి. ఆ మోకాళ్లే తన చేత అలా అనిపించాయని తర్వాత చాలాసార్లు సర్దిచెప్పుకోబోయింది. కుదరలేదు. అలసట వేరు, ఆశ వేరు. రెండూ ఆ రోజు ఒకే కుర్చీలో కూర్చున్నాయి, అంతే.

పరీక్షకు రెండు రోజులు పట్టింది. రంగుమందు కలిపి చీకట్లో గంటసేపు ఉంచాలి, మధ్యమధ్య లేచి కదపాలి. ఆమ్లం పోస్తే ప్రోటీన్ విరిగి ముద్దగా అడుగుకు చేరుతుంది. ఆ ముద్దను స్పిరిట్ కలిపిన నీళ్లలాంటి ద్రవంతో మూడుసార్లు కడగాలి. ఎక్కువైన రంగుమందు కొంచెం మిగిలినా లెక్క అబద్ధమవుతుంది. ఆఖరున ముద్దను మళ్లీ కరిగించి యంత్రంలో పెడితే రంగు ఎంత చిక్కనో అంకె వస్తుంది. ఆమె నాలుగుసార్లు కడిగింది. కడగడంలో ఆమెకు వంకపెట్టగలవాడు పుట్టలేదు.

బుధవారం మధ్యాహ్నానికి అంకెలు వచ్చాయి. చల్లటి గదివాళ్లకు సగటున పది ఉంటే బట్టీవాళ్లకు దాదాపు పంతొమ్మిది. డాక్టరమ్మ కాగితం చేతిలో పట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఇంత తేడా నేను అనుకోలేదక్కా అంది. సోమవారం ఫ్యాక్టరీలో సమావేశం, అప్పటికి నివేదిక సిద్ధం చేస్తాను అంది.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర అన్నయ్య ఎదురయ్యాడు. ఏమైనా తెలిసిందా అని అతను అడగలేదు. ఆమే చెప్పింది. పరీక్ష గదిలో మాట గది దాటకూడదు. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ దాటలేదు. "బాగానే వచ్చినట్టుంది అన్నయ్యా" అంది. అతను, "ఆరు గంటలైతే కన్ను ఇంకో నాలుగేళ్లు లాగుతుందేమోనే" అన్నాడు. మర్నాడు పొద్దుటికి ఆ మాట షెడ్డంతా తెలిసిపోయింది.

శుక్రవారం ఆమె బల్ల సర్దుతోంది. యంత్రంలో కొలవడం అయిపోయిన నమూనాల గుంటల పళ్లెం పారబోసే ముందు అలవాటుగా కిటికీ వెలుగుకు ఎత్తింది. పసుపు గుంటలు వరసగా ఉన్నాయి. కింది రెండు వరసల్లో కొన్ని మాత్రం పసుపు కాదు. పలచటి టీ రంగు. వేరేవాళ్లెవరైనా ఆ తేడా చూసేవాళ్లు కాదు. రోజూ గోటిమీద అసలు పసుపు చూసుకునే మనిషి గనక ఆమె చూసింది. టీ రంగు గుంటలు లెక్కపెట్టింది. పద్నాలుగు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. యంత్రానికి కనిపించేది రంగు చిక్కదనమే. అది మచ్చను పట్టుకున్న రంగుమందుదో, ఆ రక్తానికి సొంతంగా ఉన్నదో దానికి తెలియదు. అందుకని ప్రతి నమూనాలోనూ కొంత తీసి, రంగుమందు కలపకుండా, మిగతా పనులన్నీ దానికీ చెయ్యాలి. దాన్ని బ్లాంక్ అంటారు. నమూనా అంకెలోంచి దాని బ్లాంక్ అంకె తీసేస్తే మిగిలింది అసలు దెబ్బ. అంటే ఒక్కో నమూనాకు రెండు గొట్టాలు, రెండింతల పని. సెంట్రిఫ్యూజ్‌లో ఉన్నవి ఇరవైనాలుగు గుంటలు. తొమ్మిదేళ్ల కిందట పరీక్షలు మీదపడి ఊపిరాడనప్పుడు ఆమే ఒక అడ్డదారి కనిపెట్టింది. నమూనాలన్నీ తేటగానే ఉంటాయి కదా, డజనులో ఒక్కదానికి బ్లాంక్ చేసి పన్నెండింటికీ అదే వాడితే చాలదా? సరిపోయింది. పని సగానికి తగ్గింది. అక్క డజను పద్ధతి అని దానికి పేరు కూడా వచ్చింది. గులాబీ తిరిగినది పక్కన పెట్టాలన్న గోడమీది కాగితం ఆ అడ్డదారికి వేసిన కంచె. ఆ కంచె వేసినదీ ఆమే, దాటినదీ ఆమే.

ఫ్రీజర్‌లో ప్రతి నమూనాకూ రెండో చిన్న గొట్టం దాచి ఉంటుంది. నలభై ఎనిమిదిది తీసింది. రంగుమందు ముట్టకుండా మిగతావన్నీ చేసి యంత్రంలో పెట్టింది. రంగే లేనిదానికి అంకె ఏమీ రాకూడదు. వచ్చింది. మొన్న వచ్చిన అంకెలో సగం.

ఆమె ఆ కుర్చీలోంచి లేచి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కడుక్కుంది. డాక్టరమ్మ గది తలుపు తీసే ఉంది. నివేదిక టైపు చేస్తోంది.

చెప్పడానికి పెద్దగా పట్టలేదు. ఎండలో ఉన్న గొట్టాల సంగతి, గులాబీ రంగు సంగతి, డజనుకో బ్లాంక్ సంగతి, చివరికి నలభై ఎనిమిది ఎవరిదో తనకు తెలుసన్న సంగతి. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"చూడలేదా, చూసీ పంపారా?"

"చూసే పంపాను మేడమ్."

కిటికీ అవతల ఎవరో బండి స్టార్ట్ చెయ్యలేక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయ్యాక డాక్టరమ్మ, "మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు" అంది. మెచ్చుకున్నట్టు లేదు, తిట్టినట్టూ లేదు. తొమ్మిదేళ్ల బరువు ఒక్కసారి మీద పెట్టినట్టుంది. తొమ్మిదేళ్లుగా ఆ డజను పద్ధతిలో చేసినవన్నీ ఏం చెయ్యాలక్కా అని అడిగింది. పాత పుస్తకాల్లో గులాబీవి పక్కన పెట్టినట్టు రాసి ఉంది, అవి నిలబడతాయి, ఈ ఒక్కటే నిలబడదు అని ఆమె చెప్పింది. తర్వాత ఇద్దరూ కలిసి పాత పుస్తకాలు తీసి చూశారు. రాసి ఉంది.

శని, ఆదివారాలు పగలంతా ఆమె బల్ల దగ్గరే. నలభై ఎనిమిది నమూనాలు, నలభై ఎనిమిది బ్లాంకులు, తొంభై ఆరు గొట్టాలు. సెంట్రిఫ్యూజ్ ఒక్కో విడతకు ఇరవైనాలుగే తీసుకుంటుంది. నాలుగు విడతలు, ఒక్కో విడతకు నాలుగు కడుగుళ్లు. పాదాలు వాచి చెప్పుల పట్టీ గుర్తులు పడ్డాయి. డాక్టరమ్మ ఆదివారం వచ్చి, ఏం మాట్లాడకుండా తొడుగులు వేసుకుని, గొట్టాలకు మూతలు పెట్టింది. మూతలు వంకరగా పెడుతున్నారు అని ఆమె రెండుసార్లు చెప్పింది. డాక్టరమ్మ రెండుసార్లూ సరిచేసుకుంది.

కొత్త లెక్కలో చల్లటి గదివాళ్లది పదే ఉంది. బట్టీవాళ్లది పన్నెండుకు దిగింది. అందులోనూ తేటగా ఉన్న పదింటినే నమ్మాలి. పదిమందితో పదికీ పన్నెండుకూ మధ్య తేడా ఉందని గట్టిగా చెప్పలేం, లేదనీ చెప్పలేం. సోమవారం డాక్టరమ్మ ఫ్యాక్టరీలో అదే చెప్పింది. రక్తం తెచ్చిన తీరులో పొరపాటు జరిగింది, మళ్లీ తీయనివ్వండి అంది. మేనేజరు మర్యాదగా విన్నాడు. తీసుకోండి, ఎన్నిసార్లయినా తీసుకోండి, ఈలోగా గంటలు ఎనిమిదే అన్నాడు.

అన్నయ్యకు తనే చెప్పాలనుకుంది. సమావేశం కబురు ఆమెకంటే ముందే ఇంటికొచ్చింది. ఆమె వచ్చేసరికి అతను వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని, కంట్లో చుక్కలు వేయించుకుంటున్నాడు. వదిన చుక్కల సీసా పట్టుకుని ఆడబిడ్డవైపు చూసి, వద్దు అన్నట్టు తల ఊపింది. అయినా ఆమె ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది.

"అది తప్పని వాళ్లెవరన్నా కనిపెట్టారా?" అన్నాడు, కళ్లు మూసుకునే.

"లేదు. నేనే."

"నిన్నెవరడిగారే?"

వదిన చుక్కల సీసాకు మూత బిగించింది.

"నోరు మూసుకుని ఊరుకుంటే మా ఇరవైనాలుగుమందికీ రోజుకు రెండు గంటలు నీడ దొరికేది."

"వాళ్ల తరఫు డాక్టరు ఒక్క గొట్టం ఎత్తి చూస్తే చాలు అన్నయ్యా. ఆ తర్వాత మీ రక్తంలో నిజంగా ఏముందన్నా ఎవడూ నమ్మడు."

"వాళ్ల డాక్టరుకు అంత ఓపిక కూడానా. ఓపికంతా నీకే ఏడిచింది."

చుక్కల మందు చెంపమీదికి కారింది. తుడుచుకోలేదు. "మరి నా ఒంట్లో దెబ్బ లేదంటావా?" అని అడిగాడు. గొంతు ఈసారి మెత్తగా ఉంది. ఆమెకు అదే ఎక్కువ కష్టమైంది.

"ఉంది. నాకు రోజూ కనిపిస్తూనే ఉంది. ఆ గొట్టంలో కనిపించింది మాత్రం అది కాదు. ఎండలో పగిలిన రక్తం రంగు. దాన్ని నీ దెబ్బ అని రాస్తే, నీ దెబ్బని నేను కొలిచినట్టు కాదు."

అతను లేచి, గోడ పట్టుకుని లోపలికెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఒకే వరసలో కూర్చుని తిన్నారు, ఒకే కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. ఏదైనా కావాలంటే వదిన చేత అడిగించుకున్నారు. ఆరో రోజు వదిన కంచాలు ఇద్దరి ముందూ కాస్త గట్టిగానే పెట్టింది. "మీ ఇద్దరికీ తర్జుమా చెయ్యలేక నా గొంతు పోతోంది. ఉప్పు కావాలంటే ఉప్పునే అడగండి" అంది. ఎవరూ నవ్వలేదు గానీ ఉప్పు ఆ రోజు నేరుగా చేతులు మారింది.

రెండోసారి రక్తం తీసే పద్ధతి ఆమె మొత్తం కాగితం మీద రాసి డాక్టరమ్మకు ఇచ్చింది. అడ్డదారి ఒక్కటి లేకుండా రాసింది. రెండు జట్లకూ ఒకేరోజు, ఒకే గదిలో, పొద్దున పనిలోకి ఎక్కేముందే తీయాలి. బల్లమీది చిన్న సెంట్రిఫ్యూజ్ ఫ్యాక్టరీకే తీసుకెళ్లి అక్కడికక్కడే తిప్పాలి. ప్రతి గొట్టానికీ దాని బ్లాంక్ దానికే. గోడమీది పాత కాగితం చింపి, కొత్తది రాసి అంటించింది. డజను మాట అందులో లేదు.

సెంట్రిఫ్యూజ్ చిన్నదన్న మాటే గానీ ఇద్దరు మోయాలి. రక్తం తీసే రోజు పొద్దున డ్రైవరు ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టుకుని షెడ్డు పక్కనున్న స్టోరు గదిలో దింపారు. అప్పటికింకా ఆరున్నర. గోడ అవతల బట్టీ నిద్రలో గురకపెట్టే మనిషిలా ఆగకుండా హోరుపెడుతోంది. గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. బల్లను ఆ గోడకు దూరంగా, కిటికీ దగ్గరికి జరిపించింది.

సామాను సర్దేవాళ్లు పదిహేనుమంది వచ్చారు. బట్టీవాళ్లు మొదట ఒక్కరూ రాలేదు. తలుపు దగ్గర గుంపుగా నిలబడి చూస్తున్నారు. అందులో పొట్టివాడొకడు, "మొన్న తీసింది ఏం చేశారక్కా, మొక్కలకు పోశారా? దోమ కూడా ఒకసారి తాగితే వారం దాకా రాదు" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఆమె, "మొన్నటిది నా తప్పు" అని మాత్రం అంది. "మీ రక్తం పాడవలేదు, నేను పాడుచేశాను. ఈసారి మీ కళ్ల ముందే తిప్పుతాను. ఇష్టమున్నవాళ్లు రండి."

నవ్వు ఆగిపోయింది. తప్పు నాది అని ఆ గదిలో ఎవరైనా అనడం వాళ్లు పెద్దగా విని ఉండరు. పొట్టివాడే ముందొచ్చి చొక్కా చెయ్యి మడిచాడు. ఒక్కొక్కరే వచ్చారు. ఏడింటికి గంట కొట్టేవేళకు పన్నెండుమంది అయ్యారు. మిగతావాళ్లు షెడ్డులోకి వెళ్లిపోయారు. ఇంక సర్దుకుందామని నర్సు అంటుండగా మేస్త్రి వచ్చాడు.

చెల్లెలివైపు చూడకుండా నర్సు ఎదుట కూర్చుని చెయ్యి చాపాడు. తీయడం అయ్యాక లేవలేదు. దూది మోచేతి మడతలో నొక్కిపట్టుకుని, సెంట్రిఫ్యూజ్ ఆగేదాకా అలాగే కూర్చున్నాడు. ఆమె మూత తెరిచి గొట్టాలు ఒక్కొక్కటే ఐసులోకి మారుస్తుంటే, "ఏదీ, నాది చూపించు" అన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత నేరుగా ఆమెతో అన్న మొదటి మాట.

ఆమె ఇచ్చింది. అతను గొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి, వేళ్ల మధ్య మెల్లగా తిప్పాడు. గాజులో బుడగ ఉందేమోనని చూసేటప్పుడు అతను అలాగే తిప్పుతాడు. ముందు ఎడమ కంటితో చూశాడు, తర్వాత మసక పట్టిన కుడి కంటితో. పైనున్న ద్రవం ఎండుగడ్డి రంగులో ఉంది. కిటికీ చువ్వలు దానిలోంచి వంకరగా కనిపిస్తున్నాయి.

"ఇది తేటగా ఉన్నట్టేనా?"

"తేటగానే ఉంది."

"ఇందులో ఏమీ రాకపోతే?"

"రాలేదనే రాస్తాను."

అతను గొట్టం వెనక్కిచ్చాడు. ఇంకేదో అనబోయి, అవతల ఎవరో మేస్త్రీ అని కేకేస్తే లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆ సెంట్రిఫ్యూజ్‌ని తిరిగి ఎవరు మోస్తారు అని అడిగాడు. డ్రైవరూ నేనూ అంది. "నువ్వు ముట్టుకోకు, నడుం పోతుంది. మావాళ్లని పంపిస్తాను" అని షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఐసు పెట్టెలో ఇరవై ఎనిమిది గొట్టాలున్నాయి. ఆఖరున పెట్టినదాని నంబరు ఆమెకు తెలుసు. ఇప్పుడే చేత్తో పట్టుకుని చూసింది కూడా. పెట్టె మూత వెయ్యబోయి ఆగింది. నర్సును పిలిచి, ఈ నంబర్లన్నీ పీకేసి, రెండు జట్లవీ కలగలిపి కొత్తవి అంటించమంది. ఏది ఏదో మీ పుస్తకంలో రాసుకుని నేరుగా డాక్టరమ్మకే ఇవ్వండి, అంకెలన్నీ వచ్చాక గానీ నాకు చూపించొద్దు అంది.

"ఇప్పుడు ఇరవై ఎనిమిదా అక్కా? అన్నీ సరిగ్గానే ఉన్నాయిగా" అంది నర్సు, అప్పటికే చేతిసంచీ భుజాన వేసుకుని.

"ఉన్నాయి. అయినా మార్చు."

నర్సు నిట్టూర్చి కూర్చుంది. ఆమె వెనక్కి తిరిగి, గోడవైపు ముఖం పెట్టి నిలబడింది. వెనకాల చీటీలు చిరిగే చప్పుడు, ఐసులో గొట్టాలు కదిలే చప్పుడు. గోడ అవతల బట్టీ హోరు. నిలబడలేక ఒక మోకాలి మీద బరువు ఇంకో మోకాలి మీదికి మార్చింది. ఎన్ని అయ్యాయి అని అడిగింది. తొమ్మిది అంది నర్సు. ఇంకా పంతొమ్మిది. గోడకు చెయ్యి ఆనించి, తిరిగి చూడకుండా అలాగే నిలబడింది.